రాత్రి గదిలో గుంయ్‌మనే మోత: చెవి చూపే దిక్కుని నమ్మొద్దు

అనంతపురంలో ఈ ఫిర్యాదు ఎండాకాలంలో పెద్దగా రాదు. మార్చి నుంచి జూన్ దాకా ప్రతి ఇంట్లో ఫ్యాన్లు ఐదు మీద తిరుగుతుంటాయి, కూలర్లు హోరెత్తిస్తుంటాయి. ఆ చప్పుడులో ఇంకే చప్పుడూ పైకి తేలదు. కార్తీకం వచ్చి, చలి మొదలై, కిటికీలు మూసి ఫ్యాన్ ఆపి పడుకున్న కొత్తలో ఎవరో ఒకరు నిద్రలోంచి లేచి కూర్చుంటారు. గదిలో ఏదో గుంయ్‌మంటోంది. ఫ్రిజ్ దగ్గరికెళ్లి వింటే అక్కడ కాదు. కిటికీ తీస్తే తగ్గినట్టుంటుంది, మూస్తే పెరిగినట్టుంటుంది. పక్కన పడుకున్నవాళ్లని లేపి అడిగితే 'నాకేం వినపడట్లేదే' అని అటు తిరిగి పడుకుంటారు. రెండు మూడు వారాలు ఇలాగే గడిస్తే నిద్ర చెడుతుంది, టెన్షన్ పెరుగుతుంది, చివరికి ఇంట్లోవాళ్ల మధ్య మాటలు కూడా చెడతాయి.

ఈ మోతకు చాలాసార్లు ఒక కారణం దొరుకుతుంది. దాన్ని పట్టుకోడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. కానీ అందరూ చేసే మొదటి పనే దారి తప్పిస్తుంది: చెవి ఎటు చెబితే అటు వెళ్లడం. ఇలాంటి శబ్దం ఎక్కడుందో చెవి సరిగా చెప్పలేదు. అది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏది ఆపితే ఆగింది అని అడుగుతూ పోతే మాత్రం దొరికిపోతుంది.

చెవి ఎందుకు చెప్పలేదో ముందు చూద్దాం. వంటింట్లో గిన్నె పడితే ఏ మూల పడిందో కళ్లు మూసుకునే చెప్పగలం. అలాంటి పదునైన శబ్దాలకు మన తల అడ్డుపడుతుంది కాబట్టి ఒక చెవికి గట్టిగా, ఇంకో చెవికి మెల్లగా అందుతాయి. ఆ తేడాని బట్టి మెదడు దిక్కు పోల్చుకుంటుంది. ఇళ్లలో వినిపించే మోత చాలావరకు 100 హెర్ట్జ్ (అంటే సెకనుకు 100 అదురులు) చుట్టుపక్కల ఉంటుంది. మన వేడికి గాలిలో ఆ శబ్ద తరంగం పొడవు దాదాపు 3.5 మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు. అంత పొడవు తరంగానికి జానెడు వెడల్పు కూడా లేని తల ఒక అడ్డే కాదు. రెండు చెవులకీ ఒకే మోతాదులో అందుతుంది. దానికి తోడు గోడలు, స్లాబు, నేల తిప్పికొట్టిన శబ్దం కూడా అందులో కలిసిపోతుంది. అందుకే 'అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టుంది' అంటారు చాలామంది. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం.

ఆ పదకొండున్నర అడుగుల వల్లే ఇంకో చిక్కు కూడా ఉంది. మన పడగ్గదులు మామూలుగా పదికి పన్నెండు ఉంటాయి. అలాంటి గదిలో ఈ శబ్దం ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుని కొన్నిచోట్ల పోగవుతుంది, కొన్నిచోట్ల చచ్చిపోతుంది. గోడల పక్కన, గది నడిమధ్యలో గట్టిగా ఉంటుంది. గోడకు సుమారు మూడడుగుల దూరంలో మాయమైనట్టే ఉంటుంది. మంచం తలవైపు గోడకు ఆనించి పడుకున్న తల్లికి అది నిద్ర పట్టనివ్వదు. గదిలోకొచ్చి గోడకు రెండు మూడడుగుల ఇవతల నిలబడి విన్న కొడుక్కి ఏమీ వినపడదు. ఆమె చెప్పేదీ నిజమే, అతను చెప్పేదీ నిజమే. పైగా వయసు మీద పడేకొద్దీ ముందు తగ్గేది కీచు శబ్దాల వినికిడి. ఇలాంటి మంద్రపు మోతల వినికిడి చాలాకాలం నిలిచే ఉంటుంది. 'పెద్దావిడ, చెవులు సరిగా వినపడవు, ఏదో ఊహించుకుంటోంది' అని తేల్చేయడం అందుకే అన్యాయం. ఆమె పడుకునే చోట తల పెట్టి పడుకుని, ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు విని, ఆ తర్వాత మాట్లాడాలి.

ఇక 100 ఎందుకంటే, మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ప్రతి ఆవర్తనంలో అది ఒకసారి ఇటు, ఒకసారి అటు శిఖరానికి వెళ్తుంది. ఇనుముని అయస్కాంతంగా మారిస్తే దాని పొడవు అతి సూక్ష్మంగా మారుతుందని 1842లో జేమ్స్ జూల్ గమనించాడు. అయస్కాంతం ఏ దిక్కుకి తిరిగినా ఇనుము సాగే తీరు ఒకటే కాబట్టి, 50 హెర్ట్జ్ కరెంటు పారే తీగచుట్ట లోపలున్న ఇనుప రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకుంటాయి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్, ఇంట్లో స్టెబిలైజర్, ఇన్వర్టర్, పాత ట్యూబ్‌లైట్ చోక్, మోటరు, అన్నీ ఇదే స్వరం పలుకుతాయి. స్వరం ఒకటే కావడంతో వినికిడి మీద ఆధారపడి వాటిని విడదీయడం కష్టం. విడదీసేది స్విచ్చే.

కాబట్టి మొదటి పరీక్ష మెయిన్ ఆపడం. మోత వస్తున్న సమయంలోనే చేయాలి, పొద్దున లేచాక కాదు. ఒకరు మంచం మీద చెవి పెట్టి ఉండాలి, ఇంకొకరు మీటరు దగ్గర మెయిన్ దించాలి. మోత ఆగితే అది మన ఇంటిదే. ఆగకపోతే బయటిది. ఇంత తేలికైన పరీక్షలో కూడా ఒక ఉచ్చు ఉంది, చాలా ఇళ్లలో అక్కడే లెక్క తప్పుతుంది.

రాంనగర్‌లో మా మేనత్త వాళ్లింట్లో జరిగింది చెబుతాను. ఆవిడకి రాత్రిళ్లు మంచం తలవైపు నుంచి మోత. కొడుకు 'నీ చెవుల్లోనే ఉందేమోమ్మా, డాక్టర్‌కి చూపిద్దాం' అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. అతను రాత్రి భోజనాలయ్యాక వచ్చి మెయిన్ దించాడు. మోత అలాగే ఉంది. 'అయితే బయట ట్రాన్స్‌ఫార్మర్‌దేనమ్మా, మన చేతిలో లేదు' అని చెప్పి వెళ్లిపోయాడు. అత్త మాత్రం ఒక సంగతి పట్టుకుంది. మెయిన్ దించిన క్షణంలో మోత ఆగలేదు గానీ, దాని గొంతు కొంచెం మారింది. ముందు మెత్తగా ఉన్నది ఆ తర్వాత కాస్త గరగరగా అయింది. బయటి ట్రాన్స్‌ఫార్మర్‌కి మన మెయిన్ స్విచ్‌తో ఏం సంబంధం? మర్నాడు రాత్రి మెయిన్ దించి, ఆ తర్వాత ఇన్వర్టర్ కూడా ఆపారు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మెయిన్ దించితే ఇల్లంతా ఆగిపోదు. ఆ క్షణం నుంచి ఇన్వర్టర్ బ్యాటరీ మీద పనిచేయడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా చార్జింగ్ కోసం మోగిన దాని ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు కరెంటు తయారు చేయడం కోసం మోగుతుంది. వాళ్ల ఇన్వర్టర్ మెట్ల కింద గూట్లో, గోడలోకి దిగ్గొట్టిన కడప బండ అర మీద ఉంది. ఆ గోడకి అవతలివైపే అత్త మంచం.

అక్కడ నిలబడి వింటే ఇన్వర్టర్ చప్పుడు అంత పెద్దదేం కాదు. పడగ్గదిలో ఎందుకంత గట్టిగా వినిపించిందో తెలియాలంటే తంబూరాని తలచుకోవాలి. తీగ ఒక్కదాన్ని మీటితే వినపడీ వినపడనట్టుంటుంది, దాన్ని బుర్రకు బిగించాకే సభంతా నిండుతుంది. ఇంట్లో చిన్న యంత్రం తీగ అయితే గోడ బుర్ర. ఇన్వర్టర్ అదురు బండకి, బండ అదురు గోడకి ఎక్కింది. గోడంతా కదిలి అవతలి గదిలోని గాలిని కదిపింది. పాత మట్టి మిద్దెల్లో ఈ బాధ తక్కువ. మందమైన గోడలు, దూలాల మీద చౌడు మట్టి పరిచిన కప్పు అదురుని తమలోనే ఇముడ్చుకునేవి. ఇప్పటి ఆర్‌సీసీ ఇళ్లలో పిల్లర్లు, బీములు, స్లాబు అన్నీ ఒకదానికొకటి గట్టిగా బిగిసి ఉంటాయి. కింది అంతస్తులో మోటరుకు పుట్టిన అదురు మూడో అంతస్తు పడగ్గదిలో పలకడానికి కారణం ఇదే.

అత్త వాళ్లు ఇన్వర్టర్‌ని ఆ అర మీద నుంచి దించి, కింద మందపాటి రబ్బరు ముక్కలు వేసి, గోడకి నాలుగు వేళ్ల ఎడంగా నేల మీద పెట్టారు. ఖర్చు రబ్బరు ముక్కలకే. గాలి ఆడేలా ఎడం ఉంచడం ఇన్వర్టర్‌కీ మంచిదే.

మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపాక మోత పోయిందనుకోండి. అప్పుడు ఎంసీబీలు (ఒక్కో లైన్‌కి ఉండే చిన్న స్విచ్చులు) అన్నీ దించి, మెయిన్ వేసి, వాటిని ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వెళ్తే ఏ లైన్‌లో ఉందో తేలుతుంది. ఆ లైన్ మీద ఉన్న వస్తువుల ప్లగ్గులు ఒక్కొక్కటే తీయాలి. ఫ్రిజ్ అయితే కాసేపు మోగి, కాసేపు ఆగి, మళ్లీ మోగుతుంది. కంప్రెసర్ ఆగేటప్పుడు వెనక చిన్నగా ఓ కుదుపు వినిపిస్తుంది. ఫ్యాన్ ఒకటి రెండు మీద గుంయ్‌మని, ఐదు మీద ఆ మోత పోతే తప్పు రెగ్యులేటర్‌ది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలని ముక్కలు చేసి వేగం తగ్గిస్తాయి, ఆ ముక్కలకి ఫ్యాన్‌లోని రేకులు మోగుతాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే ఫ్యాన్లు మోగితే ఆ ఇన్వర్టర్ స్క్వేర్‌వేవ్ రకం కావచ్చు, సైన్‌వేవ్ దాంట్లో ఆ బాధ ఉండదు. మన జిల్లాలో నీళ్లలో ఫ్లోరైడ్ భయంతో చాలా ఇళ్లలో ఆర్‌వో మిషన్ ఉంటుంది. దాని చిన్న పంపు గోడకి వేలాడుతూ ఉంటుంది కాబట్టి అది మోగితే గోడ మోగుతుంది. ట్యాంకు నిండినా ఆగకుండా రాత్రంతా నడుస్తోందంటే లోపలి ఫ్లోట్ పాడైనట్టే.

రెండు రకాల మోతల దగ్గర మాత్రం పరిశోధన పెట్టుకోకండి, వెంటనే ఆపేయండి. మోటరు గానీ ఫ్యాన్ గానీ గుంయ్‌మంటూ తిరగకుండా నిలబడిపోతే కండెన్సర్ పోయిందో, బేరింగ్ పట్టేసిందో, త్రీఫేజ్ బోరు మోటరైతే ఒక ఫేజు పోయిందో అయి ఉంటుంది. అలాగే వదిలేస్తే కాసేపట్లో వైండింగ్ కాలిపోతుంది. స్విచ్‌బోర్డులోంచో, మీటరు పెట్టెలోంచో చిటపటలతో కూడిన మోత వస్తుంటే, బోర్డు వేడిగా తగిలితే, కాలిన వాసన వస్తే అది లూజ్ కనెక్షన్. ఇళ్లు అంటుకునేది ఇలాంటి చోటే. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మెయిన్ దించే ఉంచండి.

అన్నీ ఆపినా మోత ఆగకపోతే వెతుకులాట గడప దాటుతుంది. ఇక్కడ మనకి దొరికే గొప్ప సాయం కరెంటు కోత. వీధంతా చీకటైనప్పుడు మోత కూడా ఆగిందా? అయితే అది ఆ లైన్ మీద నడిచేదే: పక్కింటి ఫ్రిజ్, అపార్ట్‌మెంట్ మోటరు, ట్రాన్స్‌ఫార్మర్. కరెంటు పోయినా మోత ఉందంటే ఎవరి ఇన్వర్టరో, జనరేటరో, గాలో, లేదా చెవో. మరమ్మతుల కోసం ఫలానా ఏరియాలో ఫలానా వేళ కరెంటు ఉండదని జిల్లా పేజీల్లో వేస్తుంటారు కదా, ఆ వేళకి ఇంట్లో ఉండి వినండి. నెల రోజుల అనుమానం ఆ ఒక్క గంటలో తీరొచ్చు.

మోటర్లను పట్టించే గుర్తు వేరే ఉంది. సంపులోంచి పైకి నీళ్లెక్కించే చిన్న మోనోబ్లాక్ మోటర్లు ఎక్కువగా నిమిషానికి 2,880 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 48. దాని రెట్టింపు 96. కరెంటు పుట్టించే 100, తిరుగుడు పుట్టించే 96 రెండూ కలిసి వినిపిస్తే వాటి తేడా లెక్కన సెకనుకు నాలుగుసార్లు మోత ఉబ్బి తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోత నిలకడగా ఉంటుంది, మోటరు మోత ఇలా ఊగుతుంది. మోటరు నుంచి పైపు నేరుగా గోడకి క్లాంపులతో బిగించి ఉంటే ఆ గోడ మీద అరచెయ్యి ఆనించండి, అదురు చేతికి తెలుస్తుంది. లారీ మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద పెట్టి పిడిని చెవి ముందరి ఎముకకి ఆనించి ఏ బేరింగ్ పోయిందో చెబుతారు. ఆ పద్ధతి గోడకీ, నీళ్ల పైపుకీ పనికొస్తుంది. కరెంటు బోర్డులకి, తిరిగే భాగాలకి మాత్రం వద్దు. పైపు మోత మోటరు లేకుండా కూడా రావచ్చు. మున్సిపల్ నీళ్లు వచ్చే వేళ సంపు నిండబోతుంటే బాల్‌వాల్వు సగం మూసుకుని, అలలకి టపటపా కొట్టుకుని, పైపంతా ఊళపెడుతుంది. వాల్వు మార్చేస్తే సరి.

చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే ఇంకొంచెం ముందుకు పోవచ్చు. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉచితం. అందులో ఆడియో స్పెక్ట్రమ్ తెరిచి ఫోన్‌ని గోడ మూలలో పెడితే శబ్దం ఏ అంకె దగ్గర లేస్తోందో గీత కనిపిస్తుంది. 100, 200, 300 దగ్గర నిటారు గీతలుంటే ఇనుప రేకులున్న విద్యుత్ పరికరం. 48 లాంటి అంకె దగ్గర ఉంటే తిరిగే యంత్రం. ఫోన్ మైకులు 50 కిందికి వెళ్లేకొద్దీ మొద్దుబారతాయి కాబట్టి గీత కనపడలేదంటే శబ్దమే లేదని అర్థం కాదు.

డెసిబెల్ యాప్‌లతో ఇంకో మోసం ఉంది. అధికారులు వాడే మీటర్లు కూడా సాధారణంగా మంద్ర శబ్దాలకు కోత వేసి అంకె చూపిస్తాయి. ఆ లెక్కలో 100 హెర్ట్జ్‌కి సుమారు 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్‌కి 30 డెసిబెల్స్ తగ్గుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. గదిలో నిజంగా 55 ఉన్న 100 హెర్ట్జ్ మోత మీటరు మీద 36గా కనిపించి 'పరిమితిలోపే ఉంది' అనిపించుకుంటుంది. నిద్రలేని మనిషికి ఆ మాట ఏ ఊరటా ఇవ్వదు. చట్టానికి లోబడి ఉండటం వేరు, మనిషికి బాధ లేకపోవడం వేరు.

సెల్ టవర్ మీద అనుమానం చాలామందిది. టవర్ పంపే రేడియో తరంగాలు చెవికి వినపడేవి కావు. టవర్ కింద వినిపించేదేదైనా ఉంటే అది డీజిల్ జనరేటర్, ఏసీ, క్యాబినెట్ ఫ్యాన్లు. మన డాబా మీదే టవర్ ఉంటే వాటి అదురు స్లాబులోకి దిగుతుంది. అది నిజమైన ఫిర్యాదే, కాకపోతే రేడియేషన్ అని కాకుండా జనరేటర్ కింద రబ్బరు వేయమని అడగాలి.

దూరం నుంచి వచ్చే మోతలు కూడా ఉన్నాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున రెండు వీధుల అవతలి గుడి మైకు మన వాకిట్లో ఉన్నట్టు వినిపిస్తుంది కదా. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి పైకి పోవాల్సిన శబ్దం వంగి కిందికి దిగుతుంది. పెద్ద ఫ్యాక్టరీ ఫ్యాన్ల మోత అయితే గోడలు కూడా ఆపలేవు. అమెరికాలో కొకొమో అనే ఊరివాళ్లు ఇలాంటి మోత గురించి ఏళ్ల తరబడి మొత్తుకుంటే, చివరికి 2003లో నిపుణులు వెతికి, ఒక కర్మాగారం కూలింగ్ టవర్ ఫ్యాన్ నుంచి 36 హెర్ట్జ్, మరో కర్మాగారం కంప్రెసర్ నుంచి 10 హెర్ట్జ్ వస్తున్నట్టు తేల్చారు. కెనడాలోని విండ్సర్‌లో 2011 ప్రాంతంలో మొదలైన మోత, నది అవతల ఉక్కు కర్మాగారం కొలిమిలు 2020లో ఆపాక ఆగిపోయింది. ఆ ఊళ్లలో కూడా మొదట చాలామందికి దొరికిన జవాబు 'అంతా మీ భ్రమ' అనే. ఆషాఢం గాలికి అల్యూమినియం కిటికీ సందులు, మిద్దె మీద తెరిచి ఉన్న పైపు మూతులు ఊళవేయడం, సన్‌షేడ్ కింద తేనెపట్టు ఝుమ్మనడం లాంటివి పగటిపూట చూస్తేనే తెలిసిపోతాయి.

చెవి సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. వేరే ఊళ్లో బంధువులింట్లో పడుకున్నా, పొలంలో నిలబడ్డా అదే మోత వెంట వస్తుంటే, గదిలో అటూ ఇటూ జరిగినా ఏ మార్పూ లేకపోతే అది చెవిలో పుట్టేది కావచ్చు. గుబిలి గట్టిపడటం లాంటి చిన్న కారణం కూడా ఉండొచ్చు. నాడి పట్టుకుని చూస్తే మోత దానితో పాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌కి తప్పకుండా చూపించుకోవాలి. ఇదేమీ పిచ్చి కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు.

కారణం దొరికాక గోడలకి ఒక అంగుళం ఫోమ్ షీట్లు కొని అతికించేవాళ్లని చూస్తుంటాను. డబ్బు దండగ. గాలిలో పోయే 100 హెర్ట్జ్ శబ్దాన్ని ఫోమ్ బాగా పీల్చుకోవాలంటే తరంగం పొడవులో నాలుగో వంతు, అంటే దాదాపు మూడడుగుల మందం కావాలి. అదురు పుట్టేచోటే దాన్ని విడదీయడం మేలు: మోటరు కింద రబ్బరు, మోటరుకీ పైపుకీ మధ్య చిన్న రబ్బరు గొట్టం, క్లాంపుల్లో రబ్బరు చుట్ట, ఫ్రిజ్ వెనక జానెడు ఖాళీ. అపార్ట్‌మెంట్‌లో స్టార్టర్ పెట్టెలోని కాంటాక్టర్ (మోటరుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) దుమ్ము పట్టి మోగితే శుభ్రం చేయించినా తగ్గుతుంది. ఈలోపు మంచాన్ని గోడ నుంచి తల మూడడుగుల ఇవతలికి వచ్చేలా జరిపి చూడండి. పైసా ఖర్చు లేకుండా ఆ రాత్రే నిద్ర పట్టొచ్చు.

వీధి ట్రాన్స్‌ఫార్మర్ అని తేలితే ఒక విషయం తెలిసుండాలి. దాని ఇనుప రేకుల మోత లోడు కంటే వోల్టేజీ మీద ఎక్కువ ఆధారపడుతుంది. అర్ధరాత్రి దాటాక వాడకం తగ్గి వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి అప్పుడు అది నిజంగానే ఎక్కువ మోగుతుంది. పగలు పదకొండింటికి వచ్చిన లైన్‌మన్‌కి ట్రాఫిక్ మధ్య అది వినపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇటీవలే మోత పెరిగితే, లేదా గరగరలాడుతుంటే లోపల బిగింపులు వదులవడమో, పైన బోల్టులు ఊడటమో కావచ్చు, అది వాళ్లు చూడాల్సిన పనే. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, కరెంటాఫీసులో కాగితం కూడా ఇవ్వండి. 'రాత్రంతా శబ్దం, నిద్ర లేదు' అని రాస్తే ఆ కాగితం మూలన పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీద రాసిన నంబరు, మోత ఎక్కువయ్యే వేళ, ఆ వేళ ఇంట్లో వోల్టేజీ ఎంతుందో స్టెబిలైజర్ మీద కనిపించిన అంకె, మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపినా మోత ఆగలేదన్న సంగతి, ఫలానా తేదీ కరెంటు కోతలో మాత్రం ఆగిందన్న సంగతి, ఇవన్నీ వరసగా రాసి, మోత ఎప్పటి నుంచి పెరిగిందో కూడా చేర్చి ఇవ్వండి.